మాట చివర ఆమె

ఛత్తా బజార్‌లో పెళ్ళి కార్డుల షాపులు ఒకదాన్నానుకుని ఒకటి ఉంటాయి. రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం, ఆఫీసులో నాతో పనిచేసే స్నేహితురాలితో కలిసి అక్కడికి వెళ్ళాను. వాళ్ళ చెల్లెలి పెళ్ళి. షాపాయన శాంపిల్ కార్డుల కట్ట మా ముందు పెట్టి ఫోన్లో పడ్డాడు. నాకు ఉర్దూ లిపి కూడబలుక్కుని చదవడం వరకే వచ్చు. ఒక కార్డు మీద పెళ్ళికొడుకు పేరు అందమైన రాతలో పెద్దగా ఉంది. పెళ్ళికూతురి పేరు కోసం వెతికాను. లేదు. ఫలానా ఆయన గారి అమ్మాయి అని ఉంది, అంతే.

"పేరేది?" అన్నాను.

"కొన్ని ఇళ్ళల్లో వేయరు యార్. అమ్మాయి అని తెలిస్తే చాలు" అంది తను.

ఆ తర్వాత ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ చల్లారేలోపు తన ఫోన్లోంచి ఒక గజల్ చదివి వినిపించింది. తను షాలిబండలో పుట్టి పెరిగింది. ఉర్దూలో రాస్తుంది, ఎక్కడా అచ్చుకి ఇవ్వలేదు. వింటుంటే నాకో సందేహం వచ్చింది. ఉర్దూలో మగవాడు 'వస్తాను' అంటే 'ఆతా హూ'. ఆడమనిషి అంటే 'ఆతీ హూ'. తన గజల్ నిండా 'ఆతా హూ'లే ఉన్నాయి. రాసేది నువ్వు, మాట్లాడేది మగవాడేంటి అని అడిగాను.

"రివాజ్" అంది. గజల్లో అందరూ అలాగే రాస్తారట. కాసేపు ఊరుకుని, "ఒకందుకు అదే మంచిది. ఎవరి గురించి రాశావని ఎవరూ అడగరు" అంది.

ఎవరి గురించో నాకు తెలుసు. ఒక అమ్మాయి గురించి.

అప్పట్లో నేను శాఫోని చదువుతున్నాను. లంచ్‌లో తనకి విసుగొచ్చేదాకా ఆవిడ గురించే చెప్పేదీ నేనే. అందుకే కాబోలు, లేచేముందు అడిగింది: "మీ శాఫో ఏం చేసింది మరి? ఆవిడ భాషలో దాచుకోవడానికి చోటుందా?"

అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇది ఆ జవాబు కోసం వెతుకులాట.

*

శాఫో క్రీ.పూ. 7వ శతాబ్దం చివర లెస్బోస్ ద్వీపంలో పుట్టింది. లైర్ అనే తంత్రీవాద్యంతో పాడే పాటలు కట్టింది. లిరిక్ అన్న మాట ఆ వాద్యం పేరు నుంచే వచ్చింది. ఆవిడ పోయిన మూడు నాలుగు వందల ఏళ్ళ తర్వాత అలెగ్జాండ్రియా పండితులు ఆ పాటల్ని తొమ్మిది చుట్టలుగా సంకలనం చేశారని చెబుతారు. మొదటి చుట్టలోనే 1320 పాదాలు ఉండేవట. ఇవాళ మన చేతికి దక్కినవి అన్నీ కలిపి సుమారు 650. సందేహం లేకుండా పూర్తిగా మిగిలిన పాట ఒక్కటి.

అది మిగలడం కూడా ప్రేమ వల్ల కాదు. డయోనిసియస్ అనే పండితుడు శైలి గురించి పాఠం చెబుతూ, నున్నగా సాగే వాక్యానికి ఉదాహరణగా దాన్ని మొత్తం ఎత్తి రాసుకున్నాడు. అలా బతికింది. అందులో శాఫో ప్రేమదేవత అఫ్రొడైటీని పిలుస్తుంది. దేవత పిచ్చుకలు లాగే రథంలో దిగి వచ్చి, కొంచెం నవ్వుతూ అడుగుతుంది: మళ్ళీ ఏమైంది, ఈసారి నిన్ను బాధపెట్టింది ఎవరు? ఇవాళ నీ నుంచి పారిపోయే మనిషే రేపు నీ వెంట పడుతుందని అభయం ఇస్తుంది.

ఇప్పుడు పై వాక్యంలో నేను చేసిన పని చూడండి. 'పడుతుంది' అన్నాను. అలా అన్నానో లేదో ఆ ప్రేమించిన మనిషి ఆడదని మీకు తెలిసిపోయింది. గ్రీకు క్రియలో ఆ సౌలభ్యం లేదు. అక్కడ 'పడతాడు', 'పడుతుంది' రెండూ ఒకటే మాట. 'ఎవరు' అన్న ప్రశ్న కూడా ఆడకీ మగకీ సమానమే. పాట దాదాపు చివరికి వచ్చేదాకా ఆ మనిషి ఎవరైనా కావచ్చు. అప్పుడొక మాట వస్తుంది: ఎథెలొయిసా. ముందున్న వ్యతిరేకార్థంతో కలిపితే 'ఇష్టం లేనిదైనా' అని. ఆ చివరి ప్రత్యయం స్త్రీలింగం. మొత్తం పాటలో శాఫో ప్రేమించింది ఒక స్త్రీని అని చెప్పే వ్యాకరణ సాక్ష్యం అదొక్కటే.

ఇక ఆ ఒక్క మాటకి ఏమైందో వినండి. చేతిరాత ప్రతుల్లో సరిగ్గా ఆ చోటే అక్షరాలు చెదిరి ఉన్నాయి. కొందరు సంపాదకులు లింగం తెలియని వేరే పాఠం ఎంచుకున్నారు. 1711లో ఆంబ్రోజ్ ఫిలిప్స్ చేసిన ఇంగ్లీషు అనువాదంలో పారిపోయే మనిషి మగవాడైపోయాడు. 19వ శతాబ్దంలో థియోడోర్ బెర్గ్ అనే జర్మన్ పండితుడు స్త్రీలింగ రూపాన్ని నిలబెట్టాడు. అది ఇంగ్లీషు పాఠకులకి అందడానికి ఇంకా టైం పట్టింది. 1885లో హెన్రీ వార్టన్ తెచ్చిన శాఫో పుస్తకంలో ఆ మనిషి ఇంగ్లీషులో కూడా ఆమె అయింది.

ఇంకో పాట ఉంది. తను ప్రేమించిన అమ్మాయి ఎదురుగా ఎవరో మగవాడు కూర్చుని ఆమె నవ్వు వింటుంటాడు. అది చూస్తున్న శాఫోకి నోట మాట రాదు, ఒళ్ళంతా సెగ, చెవుల్లో హోరు, వణుకు. ఇదీ సాహిత్యశాస్త్ర గ్రంథం ఒకటి ఉదాహరణగా వాడుకోవడం వల్లే మిగిలింది. రోమన్ కవి కటుల్లస్ దీన్ని లాటిన్లోకి తెచ్చుకున్నాడు, కానీ చూసే మనిషిని మగవాణ్ణి చేసేశాడు. తన ప్రేయసికి లెస్బియా అని పేరు పెట్టుకున్నాడు. శాఫో ద్వీపం పేరు ప్రేయసికి, శాఫో గొంతు తనకి!

కవిత్వంలో మార్చలేనివాళ్ళు జీవితంలో మార్చారు. ఫావన్ అనే పడవవాడి మీద ప్రేమతో కొండ మీంచి దూకి చచ్చిపోయిందని కథ అల్లారు. ఓవిడ్ ఆ కథకి పెద్ద ప్రచారం ఇచ్చాడు. 20వ శతాబ్దం మొదట్లో విలమోవిట్జ్ అనే మహాపండితుడు ఆవిణ్ణి ఆడపిల్లల బడి పంతులమ్మలా చూపించాడు. శిష్యురాళ్ళ మీద టీచరమ్మ వాత్సల్యం అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా.

మరోపక్క ఈజిప్టులో గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు 1896 నుంచి ఆక్సిరింకస్ పట్నపు పాత చెత్తకుప్పలు తవ్వుతూ వచ్చారు. పపైరస్ చీలికల్లో శాఫో పాదాలు దొరికాయి. 2004లో, కొలోన్ విశ్వవిద్యాలయం దగ్గరున్న ఒక పపైరస్ వల్ల ముసలితనం గురించిన పాట ఒకటి చాలావరకు పూర్తయింది. ముక్కలైతే దొరుకుతున్నాయి. నాకు మాత్రం ఆ చీలికలకన్నా ఎథెలొయిసా కథే ఎక్కువ భయం పుట్టించింది. కాగితం చిరగనక్కరలేదు, ఒక ప్రత్యయం సర్దితే చాలు, మనిషి మాయమవుతుంది.

*

మా స్నేహితురాలి 'రివాజ్' సంగతికి వస్తాను. గజల్ పారసీ నుంచి వచ్చింది. పారసీకి వ్యాకరణంలో లింగం లేదు. ప్రియుడైనా ప్రియురాలైనా ఒకటే సర్వనామం. ఉర్దూలో అలా కుదరదు, చాలా క్రియలు ఏదో ఒక వైపు తేల్చి చెప్పాల్సిందే. దానికి సంప్రదాయం కనిపెట్టిన దారి ఏంటంటే, మాట్లాడేవారూ పుంలింగమే, ప్రేమించబడేవారూ పుంలింగమే. అది దేవుడు కావచ్చు, కుర్రాడు కావచ్చు, పరదా వెనకున్న అమ్మాయి కావచ్చు. ఆ పుంలింగం ఒక దుప్పటి లాంటిది. కింద ఎవరున్నారో అడగకూడదని మర్యాద.

అయితే హైదరాబాదులో మొదటి నుంచీ ఇలా లేదు. 1591లో ఈ నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో రాసిన కవితల్లో ఆడగొంతు వినిపిస్తుంది. విరహంతో పియా కోసం ఎదురుచూసే ఆమె. అది మన నేల మీది అలవాటు. పారసీ గజల్‌కి అది తెలీదు. తర్వాతి తరాల్లో బిజాపూర్‌కి చెందిన హాష్మీ అనే అంధకవి ఇంకా ముందుకెళ్ళి, ఆడవాళ్ళ వాడుక మాటలతో ఆడగొంతు గజళ్ళు రాశాడు. 1687లో గోల్కొండ మొగలుల చేతికి పోయింది. 1700లో వలీ దక్కనీ ఢిల్లీ వెళ్ళాడు. ఉర్దూ కవిత్వానికి కేంద్రం ఉత్తరాదికి మారుతున్న కొద్దీ పుంలింగపు దుప్పటే అందరికీ రివాజ్ అయింది.

ఆ రివాజ్‌లో రాసిన హైదరాబాదీ స్త్రీ మహలఖా బాయి చందా. 1768లో పుట్టింది. రెండో నిజాం అలీఖాన్ దర్బారులో పాటకి, ఆటకి, కవిత్వానికి పేరు మోసిన తవాయిఫ్. జాగీర్లున్న మనిషి. ఆవిడ దీవాన్ 1798లో తయారైంది. ఉర్దూలో దీవాన్ ఉన్న మొదటి స్త్రీ అని చాలాకాలం అన్నారు. తర్వాత లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ దీవాన్ ఒక ఏడాది ముందుదని తేలింది. 1799లో చందా తన దీవాన్ ప్రతి ఒకటి జాన్ మాల్కం అనే కంపెనీ అధికారికి బహుమతిగా ఇచ్చింది. అది ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆవిడ సమాధి మౌలాలి గుట్ట కింద, తల్లి కోసం తనే కట్టించిన సమాధి పక్కన ఉంది. 1824లో పోయింది.

చందా గజళ్ళు అయిదేసి షేర్లవి, ముగింపు అలీని తలుచుకుంటూ. అంత ధైర్యంగా బతికిన మనిషి కదా అని 'ఆతీ హూ' కోసం వెతుక్కుంటూ వెళ్తే నిరాశపడతారు. ఆవిడ ఉస్తాదుల ఆట ఉస్తాదుల రూల్స్‌తోనే ఆడింది. ఆవిడ స్త్రీలని ప్రేమించిందని నేను అనడం లేదు. స్త్రీ స్త్రీగా మాట్లాడ్డానికి కూడా గజల్లో చోటు లేదంటున్నాను.

తమాషా ఏంటంటే, ఆ రోజుల్లోనే ఇంకో రకం కవిత్వం పుట్టింది. ఉర్దూ కవిత్వాన్ని అప్పట్లో రేఖ్తా అనేవారు. 18వ శతాబ్దం చివర రంగీన్ అనే కవి ఆ పేరు చివరి 'ఆ'ని 'ఈ' చేసి రేఖ్తీ అన్నాడు. మళ్ళీ చూడండి, మాట చివరే! రేఖ్తీలో మాట్లాడేది స్త్రీ. జనానాలో వినిపించే నుడికారం, నగలు, బట్టలు, పనిమనుషులతో గొడవలు, అత్తల మీద విసుర్లు. చాలాసార్లు ఆమె ప్రేమించేది ఇంకో స్త్రీని. ఆ ప్రియురాలికి పేర్లు కూడా ఉన్నాయి. ఒకే పెంకులో దొరికిన జంట పప్పుని చెరొకటి పంచుకుని జతకట్టిన స్నేహితురాలు 'దొగానా'. కోడి గుండె దగ్గరి చీలిక ఎముకని చెరో కొసా పట్టి విరిచి జతకట్టింది 'జనాఖీ'. లక్నోలో ఇది బాగా నడిచింది. హైదరాబాదులో చందా కాలంలోనే ఖైస్ అనే కవి రేఖ్తీ రాశాడు.

రాసినవాళ్ళు మాత్రం మగవాళ్ళు. లక్నోలో జాన్ సాహెబ్ అనే కవి ముషాయిరాల్లో ఓణీ కప్పుకుని ఆడగొంతుతో చదివేవాడట, జనం పడీపడీ నవ్వేవారట. అంటే ఒకే ఊళ్ళో ఒకే కాలంలో స్త్రీ పుంలింగంలో రాసింది, పురుషుడు స్త్రీలింగంలో రాశాడు. శాఫోలో ఒకచోట కలిసిన రెండూ - ఆ అనుభవం, ఆ గొంతు - ఇక్కడ రెండు వేర్వేరు ఇళ్ళల్లో ఉన్నాయి.

రేఖ్తీని మగవాళ్ళ వెక్కిరింత అని కొట్టిపారేయొచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. రూత్ వనిత 2012లో రేఖ్తీ మీద రాసిన పుస్తకం చదివాక కొంచెం తగ్గాను. వెక్కిరించడానికైనా ముందు వినాలి. దొగానా, జనాఖీ అన్న మాటలు రంగీన్ సృష్టించలేదు. ఆడవాళ్ళ వాడుకలోంచి తెచ్చుకున్నాడు, అలాంటి మాటలకి ఒక పట్టికే రాసిపెట్టాడు. పేరు ఉందంటే ఆ బంధం ఎవరికో తెలుసన్నమాట. 19వ శతాబ్దం చివర సంస్కర్తలు ఉర్దూ కవిత్వాన్ని 'శుభ్రం' చేసినప్పుడు రేఖ్తీ అసభ్యం అయింది, పాఠ్యపుస్తకాల గడప దాటి రాలేకపోయింది. పుంలింగపు గజల్ మాత్రం గౌరవంగా నిలిచింది. మా స్నేహితురాలికి వారసత్వంగా అందింది ఆ మిగిలిన సగమే.

*

మన తెలుగు సంగతేంటి?

క్షేత్రయ్య గోల్కొండ పాదుషా కోసం 1500 పదాలు చెప్పానని తనే ఒక పదంలో చెప్పుకున్నాడు. ఆ పదాల్లో నాయిక మాట్లాడుతుంది, రాసింది పురుషుడు. ఆమె ఎక్కువగా మాట్లాడేది చెలితో. మువ్వగోపాలుడు రానిరాత్రి పక్కనున్నది ఆ చెలే. రహస్యం తెలిసినది, ఒళ్ళు తెలిసినది ఆమెకే. మన కవిత్వంలో ఇద్దరాడవాళ్ళ దగ్గరితనానికి అనుమతి దొరికిన చోటు అది, మధ్యలో ఒక మగవాడు ఉన్నాడన్న షరతు మీద.

18వ శతాబ్దపు తంజావూరులో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'లోనూ ఆ షరతు ఉంది. తను పెంచిన ఇళని రాధే ముస్తాబు చేసి కృష్ణుడి దగ్గరకి పంపుతుంది, పంపి కుమిలిపోతుంది. ఇది శాఫో కాదు. కానీ కోరిక గురించి స్త్రీ స్త్రీగా రాసిన కావ్యం. దానికేమైందో మనకు తెలుసు. వీరేశలింగం గారికి అది ఆడవాళ్ళు వినదగనిదిగా తోచింది. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పట్టుబట్టి పూర్తి పాఠం అచ్చు వేయించింది. 1911లో ప్రభుత్వం నిషేధించింది. నిషేధం తొలగడానికి స్వతంత్రం వచ్చే రోజులదాకా ఆగాల్సి వచ్చింది.

సాహిత్యం కన్నా భాష ఉదారంగా ఉంది. 'నేను వచ్చాను, నువ్వు లేవు.' ఎవరు ఎవరితో అన్నారు? తెలీదు. తెలుగులో 'నేను'కీ 'నువ్వు'కీ లింగం లేదు. ఉర్దూలోలాగా అబద్ధం ఆడనక్కరలేదు, ఊరుకుంటే చాలు. ఈ వ్యాసంలో ఇంతసేపు 'నేను' అంటున్నాను. నేను ఆడో మగో మీకు క్రియ చెప్పలేదు.

కానీ చెప్పాలనుకుంటే తెలుగులో ఒక చిన్న దారి ఉంది. 'నీ కోసం వచ్చాను' అనే బదులు 'నీ కోసం వచ్చినదాన్ని' అనొచ్చు. 'పిచ్చిదాన్ని', 'ఒంటరిదాన్ని', 'ఎదురుచూసేదాన్ని'. వ్యాకరణం దృష్ట్యా ఇది ఎథెలొయిసాకి దగ్గరి చుట్టం. రెండూ క్రియలోంచి పుట్టిన విశేషణాలే, రెండిట్లోనూ ఆడమనిషి మాట చివర కనిపిస్తుంది.

*

పోయిన చలికాలంలో మా స్నేహితురాలు తన గజల్ ఒకటి తెలుగులోకి తెమ్మంది. అయిదు షేర్లు, చందా లెక్క. తెలుగు తనకి బాగా వచ్చు, చదవడం నెమ్మది. అందుకని పైకి చదివి వినిపించాను. విని, "అరే, ఇందులో మగవాడు పోయాడు" అని నవ్వింది. తర్వాత, "నేను కూడా లేను" అంది.

అప్పుడు 'దాన్ని' గురించి చెప్పాను. మూడో షేర్‌లో 'వచ్చాను' ఉన్నచోట 'వచ్చినదాన్ని' పెట్టి, నాలుగో షేర్‌లో 'నవ్వే మనిషి' ఉన్నచోట 'ఆమె' పెట్టి మళ్ళీ చదివాను. తను ఈసారి నవ్వలేదు. కిటికీలోంచి చూస్తూ ఇంకోసారి చదవమంది.

2018లో సుప్రీంకోర్టు 377 సెక్షన్ కోరల్ని పీకేసింది. 2023లో పెళ్ళి హక్కు దగ్గరికొచ్చేసరికి అది పార్లమెంటు చూసుకోవాలంది. ఈ రెండు తీర్పుల మధ్య తను బతుకుతోంది. చెల్లెలి పెళ్ళయింది కాబట్టి ఇంట్లో ఇప్పుడు తన వంతు గురించి మాట్లాడుతున్నారు. ప్రతి కవిత కింద "ఎవరు రాశారు, ఎవరి మీద" అని అడిగే బంధువులున్నారు. 'వచ్చినదాన్ని' అన్న మాటకి తను కట్టాల్సిన ధర నేను కట్టేది కాదు.

మర్నాడు మెసేజ్ పెట్టింది: ఎక్కడికైనా పంపితే 'వచ్చాను' ఉన్నదే పంపు, రెండోది నా కోసం ఉంచు.

మొదట నాకు చిన్నబుచ్చుకున్నట్టయింది. ఫిలిప్స్‌ని, కటుల్లస్‌ని ఇన్ని మాటలన్నాక నేను కూడా ప్రత్యయం చెరిపేసే వాళ్ళలో చేరాలా? కొన్నాళ్ళు పోయాక తేడా తెలిసింది. శాఫో ప్రత్యయాన్ని మార్చినవాళ్ళు ఆవిణ్ణి అడగలేదు. జనానా మాటల్ని ముషాయిరాకి మోసుకెళ్ళిన వాళ్ళూ ఆ ఆడవాళ్ళని అడగలేదు. ఒకరు దాచారు, ఒకరు బయటపెట్టారు. తప్పు దాచడంలోనో చూపించడంలోనో లేదు. ఆ నిర్ణయం ఆమెది కాకుండా పోవడంలో ఉంది.

కాబట్టి తన ప్రశ్నకి నా జవాబు ఇది. శాఫో భాషలో దాచుకోవడానికి కావలసినంత చోటుంది. పాటంతా దాచుకుంటూ వచ్చి, చివర్లో తనే ఒక మాటలో చెప్పింది. ఎందుకు చెప్పిందో, చెప్పడానికి అవతల వింటున్నవాళ్ళు ఎలాంటివాళ్ళో ఆలోచిస్తే, మనం అలాంటి శ్రోతలమేనా అన్నది అసలు ప్రశ్న అనిపిస్తుంది.

నా లాప్‌టాప్‌లో ఆ గజల్ రెండు ఫైళ్ళుగా ఉంది. ఒకటి పంపడానికి, ఒకటి ఉంచడానికి. రెండో ఫైల్‌కి బ్యాకప్ కూడా తీసి పెట్టాను.